రోహిణి ఎండల్లో గొంగళి

ఆ కాలంలో మా లంకవాళ్ళకి తెలిసిన భూగోళమంతా రెండే మాటలు: మెరక, పల్లం. మెరకన ఉన్నవాడు అదృష్టవంతుడు, పల్లాన ఉన్నవాడు మావాడు. ఇప్పుడు మా మనవలు బడినుంచి దేశపటం తెచ్చి నా ముందు పరిచి, ఇది ఫలానా సముద్రం, ఇది ఫలానా దీవి అని నాకు పాఠం చెబుతుంటే లోపల నవ్వుకుంటాను. అంతకంటే పెద్ద పటం నేను ఏటిగట్టు మీద ఇసుకలో వేపపుల్లతో గీశాను. దానిమీద మేక పడుకుంది, అది వేరే సంగతి. ఆ పటం ఎందుకు గియ్యాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఇల్లు ఎలా పోయిందో చెప్పాలి.

యానాంకి ఎగువన గౌతమి పాయ మధ్యలో మా లంక. ఇంట్లో ముగ్గురం: మా నాయనమ్మ, నేను, మా మేనత్త కొడుకు బావ. (మిగతావాళ్ళని విషూచి రోగం తీసుకుపోయింది. ఆ రోజుల్లో అది ఏ ఇంటికైనా చెప్పకుండా వచ్చే చుట్టమే.) ఏటా వరద ఎంత ఎత్తు వచ్చిందో నాయనమ్మ ఇంటి గుంజ మీద కత్తితో గాటు పెట్టేది. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ గుంజ చూసి, ఆ తరవాతే మనుషుల్ని పలకరించేది. చూరులో ఎప్పుడూ కొబ్బరితాడు చుట్ట ఒకటి వేలాడుతుండేది. వరదొస్తే గొడ్లని, గింజల కుండల్ని, మమ్మల్ని ఆ తాడుతోనే చెట్టుకి కట్టేది. (గొడ్లకి జారుముడి, మనవలకి పీటముడి.) ఆ యేడు వచ్చిన వరద గాటు దాకా ఆగలేదు, గుంజనే పట్టుకుపోయింది. నీళ్ళు తీశాక చూసుకుంటే ఇల్లున్న చోటా పొలమున్న చోటా గోదావరి పారుతోంది. మేం ముగ్గురం, ఆ తాడు మిగిలాం.

ఏటిగట్టు మీద తాటాకులు కప్పుకుని ఉన్నాం. గంజిలో మెతుకు తగిలితే ఎవరికి తగిలిందో చెప్పుకునేవాళ్ళం. గట్టు మీద రోజూ ఎవరో ఒకరిని ఇసుకలోకి మోసుకెళుతున్నారు. అలాంటప్పుడు వచ్చారు ఇద్దరు మేస్త్రీలు, సముద్రం అవతల చెరుకుతోటల్లో పనికని చెరో దీవికి కూలీలని పోగుచేసుకోవడానికి. ఒకాయనకి నల్ల గొడుగు, ఆయనది మొరీసు దీవి, ఓడ కోరంగి నుంచి. రెండో ఆయనకి ఎర్ర తలపాగా, ఆయనది బుర్బోను దీవి, ఓడ యానాం నుంచి. ఎవరు వెళ్ళినా ఇంట్లో మిగిలినవాళ్ళకి తిండిగింజలు ముందే ఇస్తామన్నారు. అంటే మాలో ఒకడు వెళితే ముగ్గురం బతుకుతాం, వెళ్ళకపోతే ముగ్గురం ఆ ఇసుకలోకే. బావ తను వెళతానన్నాడు. ఇక తేలాల్సింది ఒక్కటే, వెళ్ళినవాడు ఏ దీవికి వెళితే బతికి తిరిగొస్తాడు?

నేను వీధిబడిలో రెండేళ్ళు చదివినవాణ్ణి, అంచేత మా ఇంటికి పండితుణ్ణి. మేస్త్రీలు చెబుతుంటే రెండు దీవుల్నీ ఇసుకలో గీసి, కొండలకి గులకరాళ్ళు, వాగులకి గీతలు పెట్టి, గట్టు మీద జనానికి గంభీరంగా చూపించాను. నా మనసు మాత్రం మొరీసు మీదే. కారణం గొడుగు. గొడుగున్న మనిషి అబద్ధమాడడని నాకో నమ్మకం.

గొడుగాయన తన దీవిని తెగ పొగిడాడు. నేలంతా అరచెయ్యిలా చదునట, కొండలున్నా చిన్నవేనట, నాగలికి అడ్డే ఉండదట. చదును అన్న మాట వినగానే గట్టు మీద మొహాలన్నీ వాడిపోయాయి. నాయనమ్మ నెమ్మదిగా అడిగింది.

"వరద ఎంత ఎత్తొస్తుందయ్యా అక్కడ?"

"వరదే రాదండి మామ్మగారు."

"చుట్టూ నీళ్ళంటావు, నేల చదునంటావు, నీళ్ళు రావంటావు. పోనీ గుంజల మీద గాట్లు చూశావా?"

గొడుగాయనకి ఏ గుంజలో, ఏ గాట్లో అర్థం కాలేదు. గొడుగు తెరిచాడు, మూశాడు. అంతటితో మొరీసు మునిగిపోయింది. మేక వచ్చి పడుకున్నది కూడా సరిగ్గా దానిమీదే.

కాని పోతూ పోతూ గొడుగాయన ఊరికే పోలేదు. బుర్బోనులో నిప్పు కక్కే కొండ ఉంది, అడగండి అని అంటించి పోయాడు. తలపాగా ఆయన బుర్ర గోక్కున్నాడు. ఉందండి, ఎప్పుడో ఓసారి కాస్త కక్కుద్ది, అది ఊళ్ళకి దూరమండి అని నసిగాడు. జనం దడుచుకున్నారు. నాయనమ్మ మాత్రం ముందుకి జరిగింది.

"నిప్పు సంగతి తరవాత. ఎత్తెంత?"

"మబ్బులు దాని నడుం దగ్గరే ఆగిపోతాయండి."

ఇల్లు పోయిన తరవాత మా నాయనమ్మ మొహంలో వెలుగు చూడ్డం అదే మొదలు. మబ్బులే ఎక్కలేని చోటికి గోదావరి ఏం ఎక్కుతుంది? ఇక మాటల్లేవు. నేను ఒక్కణ్ణే మొరీసు, మొరీసు అని వాదించి, ఓడిపోయి, అలిగి ఆ పూట అన్నం మానేశాను. (ఆ పూట అన్నం ఎలాగూ లేదు.) ఇద్దరు మేస్త్రీలూ చెప్పిన సంగతి ఒకటుంది. మనకి ఎండలు కాసే నెలల్లో అక్కడ చలికాలమట, మన చలికాలంలో అక్కడ ఎండలట. కాలం తలకిందులుగా నడిచే దేశమా అని అందరం పగలబడి నవ్వాం. "అయితే రోహిణి కార్తెలో మీరు విసనకర్రలు విసురుకోండి, నేను హాయిగా నిద్రపోతా" అన్నాడు బావ. చలంటే మాకు తెలిసింది మార్గశిరంలో పడే మంచు, ఓ చుట్ట కాలిస్తే పోయేది.

ఓడరేవులో బావ భుజాన నాయనమ్మ ఆ తాడు చుట్ట తగిలించింది. ఎక్కడ పడుకున్నా ముందు గట్టి చెట్టు చూసుకోమంది. ఓడ మనుషులు తాడు చూసి నవ్వారు. బావ సిగ్గుపడ్డాడు గాని తియ్యలేదు.

గింజలొచ్చాయి. మేం బతికాం. కాలవ లాకుల దగ్గర నాకు పని దొరికింది. ఏటా రోహిణిలో నాయనమ్మ తాటాకు విసనకర్ర విసురుకుంటూ, "మన ముగ్గురిలో వాడొక్కడే సుఖపడుతున్నాడ్రా, ఈ పాటికి చల్లగా పడుకుని ఉంటాడు" అనేది. అంటూ కాస్త అసూయ కూడా పడేది.

కొన్నేళ్ళకి బుర్బోను నుంచి ఒకాయన తిరిగొచ్చి మా పాక వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో మా తాడు. వేసిన కట్టు వేసినట్టే ఉంది, ముడి విప్పలేదు. నాయనమ్మ ముందు దాన్నే చూసింది.

"వరదొచ్చిందా నాయనా?"

"లేదండి. అడవి కొట్టడానికి మమ్మల్ని కొండమీదికి పంపారండి. పైకెళ్ళేకొద్దీ చలండి. పొద్దున్నే గడ్డి మీద ఉప్పు పోసినట్టు తెల్లగా ఉండేది. ఈ తాడు తలకింద పెట్టుకుని పడుకునేవాడండి. కప్పుకోడానికి ఏం లేదు. ఓ రోజు లేవలేదు."

ఎప్పుడని అడిగాను. మనకి రోహిణి ఎండలు మండే రోజులండి అన్నాడు.

నాయనమ్మ ఏడవలేదు. చేతిలో విసనకర్ర పక్కన పెట్టింది, మళ్ళీ ఏ వేసవిలోనూ ముట్టుకోలేదు. నీళ్ళ గురించి మేం అడగని ప్రశ్న లేదు. చలి గురించి అడగాలని లంకలో పుట్టిన ఏ ప్రాణికి తోస్తుంది? నా మాట నెగ్గి మొరీసు వెళ్ళి ఉంటే బతికేవాడేమో. కాని నేను వాదించింది మాత్రం గొడుగు చూసి.

మర్నాటి నుంచి నాకు కొత్త నౌకరీ. గొర్రెలవాళ్ళ దగ్గర గొంగళి కొనుక్కొచ్చి, యానాం రేవులో బుర్బోను ఓడ ఎక్కే కుర్రాడెవడికైనా ఇవ్వాలి. నాయనమ్మ ఆజ్ఞ. చెమటలు కారుతూ నిలబడ్డవాళ్ళ దగ్గరికి నల్లగొంగళి భుజాన వేసుకుని వెళ్ళి, అక్కడ కొండ ఎత్తెంతో, కాలం ఎలా తలకిందులో చెప్పబోతే, "ఏంటండీ, ఎండదెబ్బ తగిలిందా?" అని నవ్వేవారు. కొందరు పుచ్చుకునేవారు, కొందరు రేవులోనే పారేసి ఓడెక్కేవారు. పారేసింది దులిపి వచ్చే ఓడకి మళ్ళీ పట్టుకెళ్ళేవాణ్ణి. నాయనమ్మ పోయాక కూడా వెళ్ళాను. ఆ తరవాత ఆ ఓడలే ఆగిపోయాయి.

చివరి గొంగళి నా దగ్గరే ఉండిపోయింది. రోహిణి రాగానే పెట్టెలోంచి తీసి నులకమంచం మీద పరుస్తాను. మా మనవలు ఒకరినొకరు పొడుచుకుని, "తాతయ్యా, చలేస్తోందాండి?" అంటారు. వేస్తోందిరా అంటాను. వాళ్ళు పడీ పడీ నవ్వుతారు. ఒంటినిండా చెమటతో గొంగళి సర్దుకునే ముసలాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. ఆ నవ్వు అయ్యాక, అంచు కాస్త పక్కకి లాగి, ఇంకొకరికి చోటుంచి పడుకుంటాను.