మూర్తి అంకుల్ మరమ్మతు బల్ల

స్పిరిట్‌లో ముంచిన దూది వాసనకు చాలామందికి ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు మూర్తి అంకుల్ గుర్తొస్తారు. మొన్న శనివారం, ఈ పరాయి దేశంలో మేముండే ట్రుగనీనాలో, మా ఇంటి దగ్గరి లైబ్రరీలో సీసా మూత తీయగానే ఆయన పక్కనే కూర్చున్నట్టు అనిపించింది. రిటైరైన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు ఆయన. నెలకో శనివారం అక్కడ బల్ల వేసుకుని, ఎవరు పాత వీడియో గేములు తెచ్చినా ఉచితంగా బాగుచేసేవారు.

నేను మొదటిసారి వెళ్లింది మా ఆయన చిన్నప్పుడు చేత్తో పట్టుకుని ఆడుకున్న గేమ్ తీసుకుని. అది ఆన్ కాకపోతే అందులోని గేమ్ క్యాసెట్ బయటికి లాగి, మా వీధిలో అందరం చేసినట్టే నోటి దగ్గర పెట్టుకుని ఊదబోయాను. అంకుల్ చెయ్యి అడ్డుపెట్టారు. "ఊదకమ్మాయ్. ఊపిరిలో తడి ఉంటుంది, క్యాసెట్ అంచునున్న ఆ రాగి పళ్లకి చిలుం పడుతుంది." "మేమంతా ఊదే ఆడుకున్నాం అంకుల్, పనిచేసేది." "తీసి మళ్లీ పెట్టేవారు కాబట్టి పనిచేసింది. క్రెడిట్ మాత్రం ఊదుడుకి ఇచ్చేశారు." దూది నా చేతికిచ్చి, నేను పట్టుకున్న తీరు చూసి, ఏం చదివావని అడిగారు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అని, పదేళ్లు ఇంట్లోనే ఉన్నానని, అంతా పాతబడిపోయిందని చెప్పాను. ఆయన ఆ గేమ్ తిప్పి చూపించారు. "ఈ స్క్రీన్‌లో రంగుల్లేవు, చూశావా? వచ్చేనాటికే పాత సరుకు. మిగతా కంపెనీలు కలర్ పెడితే బ్యాటరీలు ఇట్టే అయిపోయేవి. బొమ్మల కంపెనీగా మొదలైన ఈ జపాన్ వాళ్లు బాగా తెలిసిన చవక స్క్రీన్ పెట్టి గెలిచారు. పాతబడింది అనకు, బాగా తెలిసింది అను."

ఆ మాటతో ఆ కంపెనీ గురించి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. మరుసటి నెల వెళ్లి, "బొమ్మల కంపెనీగా మొదలైందన్నారు కదా అంకుల్, కాదు. క్యోటోలో పూల బొమ్మలుండే పేకముక్కలు చేత్తో చేసేవారు. మధ్యలో ఏవేవో వ్యాపారాలు పెట్టి దెబ్బతిన్నారు" అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, "నలభై ఏళ్లు ఇదే ఫీల్డ్‌లో ఉన్నా, పేకముక్కల సంగతి నాకు తెలీదే" అని మురిసిపోయారు.

రెండేళ్లు ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నాక, ఇక్కడ చలికాలమైన ఒక జూలైలో, ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది. మళ్లీ తీశారు, మళ్లీ జారింది. వేళ్లు వణుకుతున్నాయి. ఇక బల్ల ఎత్తేద్దామా అని లైబ్రేరియన్ మెల్లిగా అడిగితే, ఆయన నావైపు చూశారు.

"నావల్ల పాడైతే అంకుల్? ఇవి వాళ్ల చిన్నప్పటి వస్తువులు."

"పేకముక్కలు చేసినవాళ్లు వీడియో గేములకొచ్చేలోపు ఎన్ని చెడగొట్టుకున్నారో నువ్వే చెప్పావు కదమ్మాయ్."

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సాయం చేయలేదు. నేనే విప్పాను, తుడిచాను, బిగించాను. బూడిదరంగు తెర మీద అక్షరాలు వెలిగాక ఆయన నా తల నిమిరారు. ఆ చెయ్యి వణుకు ఇప్పటికీ తెలుస్తుంది. ఆయన పోయి మూడేళ్లయింది.

మొన్న బల్ల దగ్గరికి ఒక తెల్లజుట్టు పెద్దాయన వచ్చాడు. క్యాసెట్ బయటికి లాగి నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. మాట కంటే ముందు నా చెయ్యే అడ్డం వెళ్లింది. దూది ఆయనకిచ్చి, పట్టుకునే తీరు చూశాను.