కాలవకట్ట మీద నా పరుగు

2002 ఫిబ్రవరిలో, మిరపకాయలు కల్లంలో ఎండబోసి ఉన్న రోజుల్లో నాకు మొదటిసారి అలా అయింది. నేనూ, మా అత్త రాహేలమ్మా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాం. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోసాగింది. గొంతు ఎవరో నొక్కినట్టయింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. మిరప ఘాటేమో అనుకుని లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాను. అక్కడా ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నానని నిశ్చయంగా అనిపించింది. కాసేపటికి అదంతట అదే తగ్గింది. ఒళ్లంతా చెమట.

మాది పిడుగురాళ్ల దగ్గర ఒక పల్లె. మా ఆయన ప్రభుదాసు ఆర్మీలో నాయక్. అంతకుముందు క్రిస్మస్‌కే ఇంటికి రావలసిన మనిషి. సరిహద్దులో పరిస్థితి బాగాలేదని సెలవులన్నీ రద్దు చేశారు. యుద్ధం వస్తుందని టీవీలో రోజూ చెప్తున్నారు. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ఎస్టీడీ బూత్‌లో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూసేదాన్ని. కొన్ని ఆదివారాలు మోగేది, కొన్నిసార్లు మోగేది కాదు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది శాంతి ఒకటో తరగతి, చిన్నది బేబీ ఇంకా అంగన్‌వాడీకి కూడా పోవడం లేదు.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాస్ట్రబుల్ అన్నాడు. సెలైన్ ఎక్కించి, బీకాంప్లెక్స్ సూది వేశాడు. అయినా మళ్లీ వచ్చింది. బస్సులో వచ్చింది, పొలంలో వచ్చింది, బేబీకి నీళ్లు పోస్తుండగా వచ్చింది. ఆ రోజు చెంబు వదిలేసి పిల్లను అత్త చేతుల్లో పెట్టి నేల మీద పడుకున్నాను. నేను పోతే వీళ్ల గతేమిటన్న ఆలోచన ఒక్కటే. ఆ తర్వాత ఇల్లు కదలడానికే భయం వేసేది.

ఏప్రిల్‌లో గుంటూరు వెళ్లాం. హార్ట్ స్పెషలిస్టు ఈసీజీ తీయించాడు, ఎకో తీయించాడు, థైరాయిడ్ టెస్టు రాశాడు. రిపోర్టులన్నీ చూసి, "హార్ట్ పర్ఫెక్ట్‌గా ఉందమ్మా. మీవారేం చేస్తుంటారు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన రిపోర్టులు నా చేతికిచ్చి, "ఇది ప్యానిక్ ఎటాక్ లాగుంది. సైకియాట్రిస్ట్‌కు చూపించుకోండి" అన్నాడు.

బయటికి రాగానే మా అత్త, "పిచ్చి డాక్టరు దగ్గరికి పొమ్మంటాడా? నీకేం పిచ్చే?" అని వరండా అంతా వినబడేటట్టు అరిచింది. తిరుగు ప్రయాణంలో సత్తెనపల్లి దాటాక నాకు మళ్లీ వచ్చింది. అత్త బస్సు ఆపించి నన్ను రోడ్డు పక్కన కూర్చోబెట్టింది. చాలాసేపు నా వీపు రాసింది. చివరికి, "సరే, పోదాం ఆ డాక్టరు దగ్గరికే. ఊళ్లో ఎవరన్నా అడిగితే నాకు మోకాళ్ల నొప్పులని చెప్తాలే" అంది.

సైకియాట్రిస్ట్ ఒకావిడ. నేను చెప్పేదంతా అడ్డు రాకుండా విన్నది. "నీ గుండె జబ్బు పడలేదు. ప్రమాదం లేనప్పుడు కూడా ప్రమాదం వచ్చినట్టు కొట్టుకుంటోంది. అది కొట్టుకోగానే నువ్వు భయపడుతున్నావు, భయపడగానే ఇంకా కొట్టుకుంటోంది" అంది. ఒక టాబ్లెట్ రాసింది. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, రోజూ పొద్దున నడవమనీ చెప్పింది.

మా ఆయనకు చెప్పనా అని అత్తను అడిగాను. "చెప్పమాక. తుపాకీ పట్టుకుని నిలబడ్డోడు నీ గురించే ఆలోచిస్తే ఎట్టా?" అంది. చెప్పలేదు.

టాబ్లెట్‌తో కొంత నయమైంది. ఇంటి వెనకున్న సాగర్ కాలవకట్ట మీద నడవడం మొదలుపెట్టాను. కానీ కాస్త వేగంగా నడిచి గుండె వేగం పెరగగానే ఆగిపోయేదాన్ని.

జులైలో ఒక పొద్దున శాంతి అన్నం క్యారియర్ మర్చిపోయి స్కూలు ఆటో ఎక్కేసింది. క్యారియర్ పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆటో కట్ట మీదకు ఎక్కింది. "ఆగయ్యా! ఆగు!" అని అరుస్తూ వెంటపడ్డాను. హవాయి చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని పరిగెత్తాను. పత్తి చేలో కలుపు తీసేవాళ్లు లేచి చూస్తున్నారు. మలుపు దగ్గర ఆటో ఆగింది. శాంతి తల బయటపెట్టి, "అమ్మా, నువ్వు పరిగెత్తుతావా!" అని పడీపడీ నవ్వింది.

ఆటో వెళ్లాక అక్కడే కూలబడ్డాను. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఊపిరి అందడం లేదు. చెమటలు కారుతున్నాయి. అన్నీ ఆ ఎటాక్‌లో వచ్చేవే. ఇక భయం కూడా వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కాసేపటికి గుండె తనంతట తనే నెమ్మదించింది. నాకు ఏడుపొచ్చింది. చాలాకాలానికి వచ్చిన మంచి ఏడుపు అది.

తర్వాత వెళ్లినప్పుడు డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "నేను నీకు మాటలతో చెప్పింది నీ ఒంటికి అర్థమైంది. హార్ట్ బాగుందని రిపోర్టుంది కదా, పరిగెత్తు. కొంచెం కొంచెంగా" అంది.

పంజాబీ డ్రెస్ వేసుకుని తెల్లవారుతుండగా కట్ట మీద పరిగెత్తడం మొదలుపెట్టాను. పిల్లల ముందు ఏడవలేని ఏడుపులు, టీవీ చూసినప్పుడు మింగిన భయాలు, ఆయన మీద కోపం, అన్నీ అక్కడే బయటికి వచ్చేవి. ఒక్కోసారి పైకే తిట్టుకునేదాన్ని. తిరిగి వచ్చేసరికి పిల్లలకు జడలు వేసే ఓపిక ఉండేది. అన్నం సహించేది.

ఊరు ఊరుకుంటుందా? ఒకాయన మా గుమ్మం ముందే ఆగి, "ఏం రాహేలమ్మా, నీ కోడల్ని ఎవరు తరుముతున్నారే?" అన్నాడు. అత్త బియ్యం చేట కింద పెట్టింది. "ఎవరూ తరమట్లేదురా. దాని మందు అది వేసుకుంటంది. నువ్వు పొద్దున్నే బ్రాందీ షాపుకాడికి పోతే నేను అడిగానా?" అంది. ఆ తర్వాత మా గుమ్మం ముందు ఎవరూ ఆగలేదు.

ఆ డిసెంబరులో ఆయన సెలవు మీద వచ్చారు. రెండో రోజు మొత్తం చెప్పేశాను. ఆయన తల వంచుకుని విన్నారు. "నాకూ వచ్చింది" అన్నారు చివరికి. "బోర్డర్ పోస్ట్‌లో ఉండగా. ఎవరికీ చెప్పలా. చెప్తే పిరికోడంటారని." మర్నాడు ఇద్దరం కలిసి కట్ట మీదకు వెళ్లాం. నేను వేగం పెంచబోతే ఆపారు. "మాట్లాడుకుంటా పోగలిగినంతే పరిగెత్తాలి. మాకు ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ చెప్పేది అదే" అన్నారు. మాట్లాడుకుంటూనే పరిగెత్తాం. ఏడాదిగా ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నవన్నీ ఆ దారిలో చెప్పుకున్నాం. వెళ్లేముందు గుంటూరులో నాకు బూట్లు కొనిపెట్టారు.

ఇక బాగైపోయాననుకున్నాను. పరుగుండగా టాబ్లెట్ ఎందుకని ఎవరికీ చెప్పకుండా మానేశాను. ముందు తల తిరిగింది, చిరాకు పెరిగింది. మూడో వారం గుడిలో పాట మధ్యలో ఎటాక్ వచ్చింది, మొదటిదానికన్నా గట్టిగా. పిల్లలిద్దరూ నా చీర పట్టుకుని ఏడ్చారు. మళ్లీ ఇల్లు కదలలేదు, బూట్లు వేసుకోలేదు.

అత్తే గుంటూరు తీసుకెళ్లింది. డాక్టరమ్మ కోప్పడలేదు. "పరుగు మంచిదే. కానీ మందు మానమని నేను చెప్పానా తల్లీ? ఎప్పుడు, ఎట్లా తగ్గించాలో నేను చెప్తాను" అంది. మళ్లీ మొదలుపెట్టాం. కట్ట మీద మొదటి రోజు నడక కూడా కష్టమైంది. అత్త ముంగాళ్ల మీద కూర్చుని, "ఆ తుమ్మచెట్టు దాకా పోయిరా. నేనిక్కడే ఉంటా" అంది. పోయివచ్చాను. మర్నాడు ఇంకాస్త ముందుకు. ఏడాదిన్నర తర్వాత డాక్టరమ్మ డోసు మెల్లమెల్లగా తగ్గించి, చివరికి పూర్తిగా ఆపించింది.

ఇది రాస్తున్న నాటికి ఆ రోజులు గడిచి ఆరేళ్లు. ఆయన ఇప్పుడు ప్రమోషన్ మీద హవల్దార్, ఈశాన్యంలో ఉన్నారు. సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ అక్కడ సిగ్నల్ దొరకదు. నాలుగు రోజులుగా ఫోన్ లేదు. భయం లేదని అబద్ధం చెప్పను. నిన్న బజార్లో గుండె ఒక్కసారి ఎగిరింది. కూరగాయల బండి పట్టుకుని నిలబడ్డాను, తగ్గాక వంకాయలు బేరం చేశాను. ఈ పొద్దున పరిగెత్తి వచ్చాను.

నాలాంటి అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. ముందు గుండె పరీక్ష చేయించుకుని, డాక్టరుకు చెప్పి పరుగు మొదలుపెట్టండి. ఒంట్లో తేలికపడ్డ రోజున టాబ్లెట్ పారేయాలనిపిస్తుంది. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, "నాకు బాగుంది, ఇప్పుడేం చేయమంటారు?" అని అడగండి.