అమ్మ బొట్టు మీద యాప్ పేరు

మా మేనమామ ఫోను అద్దం పగిలి ఏళ్లయింది. మార్పించుకోమంటే, "కనిపిస్తా ఉండాది కదమ్మా, ఇంగేం కావాల" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మ పోయినప్పుడు, ఆమె నవ్వుతున్న ఒకే ఒక్క ఫొటో ఆయన ఫోనులో ఉండింది. ఫ్లెక్సీ వేసేవాడు దాన్ని జేపీజీగా మార్చి పంపమన్నాడు. మామ ఏదో ఉచితంగా దొరికే యాప్‌లో మార్చి పంపేసి, ఫోనులో జాగా లేదని అసలు ఫొటో తీసేశాడు. బూదికోట రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టాక చూశాను. అమ్మ నుదుటి మీద, సరిగ్గా బొట్టు ఉండాల్సిన చోట, నల్లటి అక్షరాల్లో ఆ యాప్ పేరు.

"ఇదేంది మామా?" అన్నాను.

"మొగం కనిపిస్తా ఉండాది కదమ్మా."

ఆ తర్వాత చాన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు.

ఎండకు ఫ్లెక్సీలో అమ్మ ముఖం వెలిసిపోయింది. మిగిలింది ఆ నల్ల అక్షరాలే. మొన్న నేను అక్కడ బస్సు కోసం నిలబడి ఉంటే మామ వచ్చాడు. చెప్పులు విడిచి, ఫ్లెక్సీకి దండం పెట్టాడు.

"ఎవరికి మామా దండం పెడతా ఉండావు?" కసిగానే అడిగాను.

"మా అక్కకు" అన్నాడు. "కనిపిస్తా ఉండాది కదమ్మా."

ఆయనకు నిజంగానే కనిపిస్తోంది. నా కడుపుమంటంతా అదే.