బగ్గీ స్ప్రింగు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర పాత ఇనుము కొట్టు ముందు ఆముదం, తుప్పు కలిసిన వాసన తగిలితే నా కాళ్లు ఆగుతాయి. మా బగ్గీకి అదే వాసన ఉండేది.

ఎల్బీనగర్ దగ్గరి మా ఊరు కాలనీలవుతున్న రోజులవి. జొన్న చేలల్లో హద్దురాళ్లు లేచేవి, ఎండాకాలం మామిడి ముక్కలు ఆరబెట్టిన వాకిట్లో లారీల దుమ్ము పడేది, గుర్రం లేని బగ్గీ కొట్టంలో ఉంటే పిల్లలం దానిమీదెక్కి ఎగిరేవాళ్లం. భూములు చేజారినా తాత వెన్ను వంగలేదు. మా ఇంటి ఆడపిల్లలు బస్సెక్కరనేది ఆయన మాట. అక్కకు ఇంటర్ పాఠాలు కూడా ఇంట్లోనే, కిరాయికున్న గుంటూరు లెక్చరర్ చెప్పేవాడు. ప్రాక్టికల్స్‌కు మాత్రం కాలేజీకి రావాల్సిందేనని, లేకపోతే ఫెయిలేనని ఆయన చెప్పాడు.

"ఆ ప్రాక్టికలేదో ఈడనే చెయ్యి. మా ఇంట్ల లేని స్ప్రింగా?" అన్నాడు తాత.

బగ్గీ సీటు విప్పించి, స్ప్రింగును దూలానికున్న ఉయ్యాల కొండికి తగిలించాడు. లెక్చరర్ కట్టిన తూకపు రాళ్లకు అది కదల్లేదు.

"దొరల బరువుకు చేసిందండీ ఇది!"

తాత నవ్వలేదు. జొన్నల మూట కట్టించాడు. లెక్చరర్ దాన్ని కిందికి లాగి వదిలాడు.

"లాగిన శక్తి స్ప్రింగులో దాక్కుంటుందండీ. వదిలితే వేగమవుతుంది, పైకెళ్తే ఎత్తవుతుంది. రూపం మారుతుందేగానీ మొత్తం ఎటూ పోదు."

మూట ఊగి ఊగి ఆగింది.

"పోకుంటే ఎందుకాగిందయ్యా? చెప్పుడు అల్కనే, చూపుడే కష్టం!" అన్నాడు తాత. భూములన్నీ పోయిన ఆ ఇంట్లో ఎటూ పోదన్న మాట ఎవరూ అనకూడనిది.

అక్క అంది: "దూలం కిర్రుమన్నది ఇనలేదా తాతా? ముఖానికి గాలి తగల్లేదా? అండ్లకు పోయింది."

"అంటే మన కాడ లేదు, గంతేగా!"

"మన కాడ లేదు. గని పోలే."

తాత మూటను తనే మరోసారి లాగి వదిలాడు. "గిట్లనే చెప్తవా ఆడ, కాలేజీల?"

"పోనిస్తే చెప్త."

పరీక్షనాడు తలపాగా చుట్టి, అక్కతోపాటు నన్నూ తీసుకుని ఆయనే బస్సెక్కాడు. నిండు బస్సులో ఎవరూ సీటివ్వలేదు, ఆయన అడగనూలేదు. దారంతా కడ్డీ పట్టుకోకుండా నిటారుగా నిలబడితే, మలుపుల దగ్గర అక్కే మోచేయి పట్టుకుంది.

అక్క పాసైంది. ఇంట్లో ఎవరు బస్సెక్కినా తాత మళ్లీ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు మా ఇల్లున్న చోట దూలమూ లేదు, వాకిలీ లేదు, నాలుగంతస్తుల్లో ఎవరెవరో ఉంటున్నారు. మొన్న అటు వెళ్లి నిలబడితే, ఎవరు కావాలని వాచ్‌మన్ అడిగాడు. ఎవరూ వద్దని చెప్పి వచ్చేశాను.