పక్కకు వాల్చినా ఊడని పీట

కుమాసి పట్నం పక్కన పీటలు చెక్కే ఆ ఊళ్లో ఆడవాళ్లు బాడిశ పట్టరు. పట్టకూడదు, అంతే. ఎందుకని అడిగితే పెద్దవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు, ఆ కారణాలు ఒకదానితో ఒకటి పొసగవు. బిరాగో చిన్నప్పుడు మేనమామ అంపోన్సా ఎదురుగా చతికిలబడి, ఆయన ఒకే దుంగలోంచి పీటను బయటికి తీయడం పొద్దస్తమానం చూసేది. రాలిన పేళ్లు ఏరి పొయ్యి దగ్గరికి చేర్చడం వరకే ఆమె వంతు. వాళ్లలో మేనమామ పని మేనల్లుళ్లకు దక్కుతుంది. అంపోన్సాకు మేనల్లుళ్లు లేరు. ఉన్నది ఈ పిల్ల ఒక్కతే.

బాడిశ పట్టొద్దన్నారు గానీ కంప్యూటర్ పట్టొద్దని ఎవరూ అనలేదు. బిరాగో పెద్దయ్యాక పట్నంలోని కలప బజారులో ఒక షెడ్డులో చేరి, తెరమీద గీసిన బొమ్మను బట్టి పలకను కోసే యంత్రం నడపడం నేర్చింది. ఏముంది, మీట నొక్కితే అదే కోస్తుందిగా అనుకునేరు! బజారులో ఒకే మందమని అమ్మే ప్లైవుడ్‌లో ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు. వెంట్రుకవాసి తేడా వస్తే ఒక పలక అంచున పొడుచుకొచ్చిన నాలుక రెండో పలక గాడిలో లొడలొడలాడుతుంది, లేదా గాడినే చీల్చేస్తుంది. పైగా తిరుగుతూ కోసే బిట్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి గాడి మూలలు గుండ్రంగానే మిగులుతాయి, నలుచదరపు నాలుక అందులో దూరదు. అందుకని ప్రతి మూలకూ ఒక చిన్న చెవిలాంటి గుంట అదనంగా తీయాలి. ఆమె మొదటి పీటను ఊరికి తెచ్చిన రోజున ఆ గుంటలు సార్పొంగ్ ముసలాయన కంట్లో పడ్డాయి. ఊళ్లోకెల్లా పాత పనివాడు ఆయన. ఆయన ఉలి కన్నా నాలుకకే పదునెక్కువ.

"ఏమే, నీ పీటను ఎలుకలు కొరికాయా?"

"కొరికాయి తాతా. మీ పీట జోలికెళ్తే పళ్లు ఊడతాయని ఇటొచ్చాయి."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గానీ, పీట మీద మాత్రం కూర్చోలేదు.

ఆ ఏడు ఊరి ఆడపెద్ద రాణీమాత కన్నుమూసింది. కర్మకు నలుమూలల నుంచీ పెద్దమ్మలు వస్తారు. పీటలు చెక్కే ఊళ్లో వాళ్లను అద్దె ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెడితే ఇంకేమైనా ఉందా? చేత్తో చెక్కాలంటే వ్యవధి లేదు, పీటలకు వాడే తెల్లకలప చెట్లూ మునుపటిలా దొరకడం లేదు. అప్పుడు పెద్దల ముందు బిరాగో లేచింది. మేకు లేకుండా, జిగురు లేకుండా, పలకలు ఒకదాంట్లో ఒకటి దూర్చే పీటలు చేస్తానంది. విప్పేసి ఒకే బండిలో పేర్చుకొచ్చి, పందిట్లో నిలబెడతానంది.

సార్పొంగ్ చేతికర్ర నేలకు కొట్టాడు. "పేకముక్కలు పేర్చి వాటిమీద రాణీమాత చెల్లెళ్లను కూర్చోబెడతావా? వచ్చినవాళ్లు ఒక చావుకొచ్చి రెండో చావు చూసి పోవాలి!"

బిరాగో నోరు తెరిచేలోపే మేనమామ అందుకున్నాడు.

"ఒక్క పీట ఊడినా సరే. ఆ రోజు నుంచి నేను బాడిశ ముట్టను."

పెద్దలు సరేనన్నారు. మామయ్య చేతుల్లోంచి బాడిశ జారితే ఆయన బతికుండీ లేనట్టే. ఆ సంగతి బిరాగోకు ఆయన కన్నా బాగా తెలుసు.

పీటలన్నీ కోయడం అయ్యింది. షెడ్డులో పనివాళ్లు ఇద్దరిద్దరు ఒక్కో పీట ఎక్కి గెంతారు, ఒక్కటీ కిర్రుమనలేదు. ఒక పీటను అమ్మకు చూపిద్దామని బిరాగో ఇంటికి తెచ్చింది. అమ్మ దానిమీద కూర్చుని తృప్తిగా ఫూఫూ ముద్దలు తిన్నది, కూతుర్ని మెచ్చుకుంది, లేచింది. లేచి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్నట్టే, పీటను పక్కకు వాల్చింది. దానిమీది పలక ఒకవైపు, నిలువు పలకలు ఒకవైపు, అడుగు పలక ఒకవైపు పడ్డాయి.

"అయ్యో! నీ పీట ప్రాణం వదిలేసిందే!" అన్నది అమ్మ.

బిరాగో పలకలు ఏరుకుంది. మనిషి లేచాక పీటను నిలబెట్టి ఉంచితే దారిన పోయే ఆత్మ వచ్చి కూర్చుంటుంది. ఆ ఊళ్లో నడక రాని పిల్లలకు కూడా తెలిసిన సంగతి. తనూ ఇంట్లో ఏనాడూ పీటను వాల్చకుండా లేవలేదు. కానీ షెడ్డులో అందరూ కూర్చునేది ప్లాస్టిక్ కుర్చీల్లో. తెరమీద గీసిన పీట ఎప్పుడూ నిలబడే ఉంటుంది. పైనున్న మనిషి బరువే దాని బిగువు. బరువు తీసి పడుకోబెడితే పట్టు లేదు. కర్మలో పెద్దమ్మలంతా ఒకేసారి లేచి ఒకేసారి వాలుస్తారు.

దాచలేదు. నేరుగా వెళ్లి మేనమామతో చెప్పింది. ఆయన రాతిమీద నూరుతున్న బాడిశను పక్కన పెట్టాడు.

"దెయ్యాల్లేని దేశం వాళ్లకు గీసినట్టున్నావే పీట!"

"తిట్టు మామయ్యా, తిట్టు. కానీ ప్లాస్టిక్ కుర్చీలకు మాత్రం కబురు పెట్టకు. శనివారం కర్మకల్లా నిలబెడతాను."

"జిగురు పూసెయ్యి. ఎవడు చూడొచ్చాడు?"

"జిగురు లేకుండా అన్నాను. అన్నాక అన్నట్టే."

"ఏం చేస్తావు మరి?"

ఆమె నేలమీద పుల్లతో గీసి చూపింది. తిన్నటి నాలుకకు బదులు కొక్కెంలా వంగిన నాలుక. గాడిని కాస్త పొడుగు చేయాలి. కొక్కెం దూర్చి పక్కకు జరిపితే పలకను పట్టుకుంటుంది. జరిపాక మిగిలిన సందులో చిన్న చెక్క చీల కొడితే వెనక్కి రాదు. అంపోన్సా వంగి ఆ గీతల్నే చూశాడు.

"చీలలు నేను చెక్కి ఇస్తా. నా చేతి చీల ఊడదు."

"వద్దు మామయ్యా. నీ చేతి ముక్క ఒక్కటున్నా, నిలబడింది నీవల్లే అంటారు."

ఆయన తలెత్తి మేనకోడలి ముఖంలోకి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "మా అమ్మ పొగరే నీకూ వచ్చిందే!"

ఆ వారమంతా యంత్రానికి ఊపిరి సలపలేదు. మధ్యమధ్యలో కరెంటు పోయేది. పోయినప్పుడల్లా కోసిన చోటు తప్పి కొన్ని పలకలు పొయ్యిపాలయ్యాయి, ఆమె ఆ కరెంటువాళ్ల ఏడు తరాలనూ తిట్టింది, మళ్లీ కొలిచింది, మళ్లీ కోసింది. శుక్రవారం సాయంత్రానికి ఆఖరి చీల బిగిసింది.

శనివారం పందిట్లో ఎటుచూసినా నలుపూ ఎరుపూ వస్త్రాలే. డప్పులు మోగుతున్నాయి. రాణీమాత చెల్లెళ్లు, పక్క ఊళ్ల పెద్దమ్మలు, ఒళ్లున్నవాళ్లూ లేనివాళ్లూ బిరాగో పీటల మీద బరువుగా కూర్చున్నారు. అంపోన్సా మాత్రం కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఆ వరసనే చూస్తూ నిలబడ్డాడు. ఆయన పక్కనే సార్పొంగ్. కొమ్ముబూర ఊదారు. పెద్దమ్మలంతా ఒక్కసారిగా లేచారు. లేచి, ఒక్కసారిగా పీటలు పక్కకు వాల్చారు.

టపటపమని వరసంతా చప్పుడైంది. బిరాగో కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే, పీటలన్నీ పక్కకు ఒరిగి, ఒక్క పలకా కదలకుండా, చెక్కుచెదరకుండా పడుకున్నాయి.

సార్పొంగ్ వంగి ఒక పీట ఎత్తాడు. తిరగేశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చీలను గోటితో లాగి చూశాడు, రాలేదు. ఆ చెవిలాంటి గుంటల్ని వేలితో ఒక్కొక్కటే తడిమాడు. ఈసారి ఎలుకల మాట ఎత్తలేదు. "ఎవరిదిరా ఈ చెయ్యి?" అన్నాడు, ఎవరిదో తెలిసి కూడా.

అంపోన్సా ఆయన చేతిలోంచి పీట తీసుకుని నేలమీద పెట్టి, మొదటిసారి దానిమీద కూర్చున్నాడు. పందిరి మొత్తానికీ వినిపించేలా అన్నాడు:

"మా అక్క కూతురిది. నా తర్వాత మా ఇంట్లో పీటలు చెక్కేది అదే."

ఆ వారమంతా కంట తడి పెట్టని బిరాగో అప్పుడు ఏడ్చింది. చావింట్లో ఏడుపు ఎవరికీ వింత కాదు కాబట్టి, తనివితీరా ఏడ్చింది.