నడిమి బోరు

పొద్దున్నే తన ముఖం కంటే ముందు మట్టిని తడపడం ఆయనకు అలవాటు. ఆఫీసు తాళం తీయగానే నేరుగా వెనకగదిలోకి వెళ్లేవాడు. అక్కడ గోడవారన ఇనప గొట్టాలు పడుకోబెట్టి ఉండేవి. కట్టబోయే భవనాల కింద, భూమి లోతులోంచి, ఉన్నది ఉన్నట్టుగా పైకి తీసిన మట్టి వాటిలో ఉండేది. రెండు చివరలా మైనం పోసి మూసినా, పైన కప్పిన గోనెపట్టాలు ఆరితే లోపలి తడి పోతుంది. తడి పోతే మట్టి అబద్ధం చెబుతుంది. అందుకని చెంబుతో నీళ్లు తెచ్చి ఒక్కో పట్టానూ తడిపి, పసిపిల్లలకు దుప్పటి సర్దినట్టు సర్దేవాడు. తరవాత కిటికీ వైపు తిరిగి చేతులు జోడించి, "స్వామీ, ఇవాళ నా నోట తప్పు మాట రానీకు" అనుకునేవాడు.

అందరూ ఆయన్ను మట్టి సారు అనేవారు. ముందుగదిలో కూర్చునే బావమరిది మాత్రం వచ్చినవాళ్లందరితోనూ, "మా బావ ముందు మట్టికి నీళ్లు పోస్తాడండీ, ఆనక తను పోసుకుంటాడు" అని చెప్పి నవ్వించేవాడు. ఆ బావమరిదిని చిన్నప్పుడు ఇంట్లో పెట్టుకుని చదివించింది మట్టి సారే. చదువయ్యాక ఇద్దరూ కలిసి ఈ కన్సల్టెన్సీ తెరిచారు. నేల ఎంత బరువు మోస్తుందో వెనకగది చెబుతుంది. దాన్నిబట్టి పునాదికీ పిల్లర్లకీ లెక్క ముందుగది కడుతుంది. బిల్డర్లు ముందుగదిలో కూర్చుని కబుర్లు చెప్పి వెళ్లేవారు. వెనకగది గడప తొక్కేది ఇద్దరే. ఒకడు మట్టి పైకి తీయడానికి బోర్లు వేసే పెద్దమనిషి. రెండోది టీలు పోసే ఆవిడ. మట్టి పిసికి పిసికి సారు వేళ్లు పగిలి ఉండేవి. వేడి గ్లాసు పట్టుకోలేడని ఆవిడ ఎవరూ చెప్పకుండానే గ్లాసుకు కాగితం చుట్టి ఇచ్చేది. ఆయన రోజూ అందుకు దండం పెట్టినంత పని చేసేవాడు.

ఒకసారి పాత ఇళ్లు కొట్టేసి అపార్ట్‌మెంట్లు కట్టే స్థలం ఒకటి వచ్చింది. నాలుగు మూలలా నాలుగు బోర్లు, నట్టనడుమ ఒకటి వేయాలి. మూలల్లో గట్టి ఎర్రమట్టి పడింది. అయిదోదానికి బోర్ల పెద్దమనిషి, ఇనప గొట్టాన్ని బరువుతో కొట్టి దించే మూడుకాళ్ల స్టాండు ఎత్తుకుని వెళితే, సరిగ్గా ఆ చోట ఒక రేకుల గది ఉంది. అందులో బట్టలు ఇస్త్రీ చేసుకునే ఆవిడ, పురిట్లో ఉన్న కూతురు. ఇంకా ఖాళీ చేయలేదు. ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి అడ్డం నిలబడలేదు, గొడవ చేయలేదు. రాత్రంతా ఏడ్చి పసిది ఇప్పుడే నిద్రపోయిందని, ఆ ఇనుప దెబ్బలకి అదిరిపడుతుందని మెల్లగా చెప్పింది.

వెంట వచ్చిన మట్టి సారు లోపలికి తొంగిచూశాడు. ఇస్త్రీ మడతల మీద పరిచిన పాతచీరలో, పిడికిట్లో పట్టేంత ముఖం. ఆయన మనసు కరిగిపోయింది. గది ఎలాగూ తీసేస్తారు, అప్పుడే వేద్దాంలే అని స్టాండు దింపించాడు. ఆ పూట దేవుడు తనచేత ఒక మంచిపని చేయించాడనుకుంటూ ఇంటికి వెళ్లాడు.

ఆ వారంలోనే బిల్డరు మనుషులు వచ్చి రేకులు పీకేశారు. తల్లీకూతుళ్లు పసిబిడ్డతో ఎటు పోయారో ఎవరికీ తెలియదు. బిడ్డకు ఆయన మిగిల్చింది ఒక్క పూట నిద్ర.

నడిమి బోరు వేద్దామని ఆయన అడగ్గానే బావమరిది నవ్వేశాడు. నాలుగు మూలలా ఒకటే మట్టి పడితే నడుమ ఇంకేం పడుతుంది, బిల్డరు తొందరపడుతున్నాడన్నాడు. సారు మళ్లీ గొణిగాడు.

"నడిమి మట్టికేమన్నా కొమ్ములొచ్చాయా బావా? సంతకం పెట్టు. నువ్విలా నసుగుతుంటే ఆ పార్టీ మన గడప తొక్కదు."

ఇంట్లో భార్య కూడా, తమ్ముడు పైకొస్తుంటే కాలికి అడ్డం పడతారేమిటని ముఖం ముడుచుకుంది. సారు మట్టి రిపోర్టు మీద సంతకం పెట్టాడు. తప్పు మాట రానీకని రోజూ వేడుకున్న మనిషి, రావలసిన మాట గొంతులో ఆగిపోకుండా చూడమని ఏనాడూ వేడుకోలేదు.

భవనం లేచింది. అందులో ఒక ఇల్లు కొన్నది ఎవరో కాదు, ఆయన చెల్లెలు. కొనేముందు ఫోన్ చేసి, ఆ నేల నువ్వే చూశావట కదా అన్నయ్యా అని అడిగింది. ఆయన నీళ్లు నమిలి, చివరకు "చూశాం" అన్నాడు. ఆ ఒక్క మాటే ఆమెకు చాలింది. మా అన్నయ్య చూసిన నేలమ్మా, కళ్లు మూసుకుని కొనుక్కోండని తెలిసినవాళ్లకు కూడా చెప్పింది. ఇద్దరు ముగ్గురు అలాగే కొన్నారు.

కాపురాలు కుదురుకున్నాక గోడలు మాట్లాడటం మొదలైంది. మెట్లవైపు గోడ ఏటవాలుగా చీలింది. గచ్చు మీద నిమ్మకాయ పెడితే మధ్యగదిలోకి దొర్లిపోతోంది. చెల్లెలి వీధితలుపు చట్రంలో ఇమడక సగంలో ఆగిపోతోంది. సారు వెళ్లి చూశాడు. అన్నీ నడుమవైపే కుంగుతున్నాయి. ఆ పేటలో పాతకాపులను వెతికి అడిగితే, ఒకప్పుడు అక్కడ ఇటుకలకు మట్టి తవ్విన పెద్ద గుంట ఉండేదని, ఊరి చెత్తంతా దాంట్లోనే పోశారని, దాని మీదే రేకుల గది వేసుకున్నారని చెప్పారు.

అక్కడివాళ్లు ఆఫీసు మీదికి వచ్చినప్పుడు బావమరిది ముందుగదిలోంచి లేచి, వెనకగది గుమ్మం చూపించాడు. "నా లెక్కలో తప్పుంటే నా చెయ్యి నరకండి. మట్టి చూసింది ఆయన" అన్నాడు. రిపోర్టు మీద సంతకం సారుదే. కొన్నాళ్లకు బోర్డు మీద ఆయన పేరు ఉన్నచోట కొత్తరంగు పడింది. బంధువుల్లో కొందరు ఎదురుపడితే ముఖం చాటేశారు. గోనెపట్టాలు తడిపే దిక్కులేక ఆరిపోయాయి. టీ ఆవిడ మాత్రం ఆయన వీధిలో కనబడితే పిలిచి, కాగితం చుట్టిన గ్లాసు చేతిలో పెట్టేది.

చెల్లెలు ఒక్కసారే వచ్చింది. కూర్చోలేదు. వదిన ఇచ్చిన మంచినీళ్లు పక్కన పెట్టేసింది.

"నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

గుంట సంగతి నిజంగానే ఆయనకు తెలియదు. తెలియదని చెబితే అబద్ధం కాదు, చెల్లెలు కూడా ఊరట పడేది. కానీ ఆయన, "నడుమ చూడలేదమ్మా. చూడలేదని నీకు చెప్పలేదు" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ తరవాత ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇప్పుడు భవనం సరిచేయడానికి వేరే కన్సల్టెన్సీ వాళ్లు వచ్చారు. వాళ్ల బోరు యంత్రం కార్లు పెట్టే కింది అంతస్తులోకి దూరదు. అందుకని బయట మూలల్లోనే వేశారు. మళ్లీ అదే ఎర్రమట్టి. నేల బంగారంలా ఉందని, లోపం పిల్లర్లదేనని, వాటికి చుట్టూ కాంక్రీటు పోసి లావు చేస్తామని చెప్పారు. గుంట మీద ఇంకా బరువు పెడితే ఏమవుతుందో మట్టి సారుకు తెలుసు. వెళ్లి చెప్పబోతే, నీ మాట విన్నందుకేగా ఈ ఖర్మ అని అక్కడివాళ్లు గేటు దగ్గరినుంచే పంపేశారు. పేటవాళ్లు చెప్పిన కబుర్లతో మట్టి పరీక్ష అవుతుందా అని ఆ కొత్త కన్సల్టెన్సీ ఇంజనీరూ విసుక్కున్నాడు.

ఇక మట్టి పైకి తీసి చూపించడమొక్కటే దారి. బోర్ల పెద్దమనిషి పని మానేసి ఇంట్లో ఉన్నాడు. చేత్తో తిప్పి వేసే పాత బోరుబర్మా ఇంకా ఆయన దగ్గరుంది. సంగతి వినగానే, నా భుజాలు పోయాయి సారూ, మా అల్లుడు తిప్పుతాడు, నేను పక్కన నిలబడతానన్నాడు. మిగిలింది చోటు. నట్టనడుమ, ఆ రేకుల గది ఉన్నచోట, ఇప్పుడు చెల్లెలి కారు పెట్టుకునే స్థలం ఉంది. దాన్ని పగలగొట్టనిచ్చే హక్కు ఆమె ఒక్కదానిదే.

ఆయన మెట్లెక్కి వెళ్లాడు. అరచెయ్యి పట్టేంత వెడల్పయిన చీలికను చూడకుండా, అటువైపు భుజం తిప్పుకుని ఎక్కాడు. తలుపు తట్టగానే చెల్లెలు తీసింది. అన్నను చూసి మళ్లీ మూయబోయింది. తలుపు చట్రానికి తగిలి కిర్రుమని సగంలో ఆగింది. ఆమె భుజంతో నెట్టింది. అది కదల్లేదు. రెండోసారి నెట్టి, అలాగే తలుపుకు నుదురానించి నిలబడిపోయింది. సందులోంచి ఆమె ముఖం సగమే కనిపిస్తోంది.

తనను క్షమించమని అడగడానికి ఆయన రాలేదు.

"నా ముఖం చూడొద్దులే అమ్మా, తలుపు అలాగే ఉండనీ. పిల్లర్లకు కాంక్రీటు పోయకముందు నీ కారు ఒక్కరోజు వీధిలో పెట్టుకో. నువ్వు కారు పెట్టుకునేచోట నన్నొక్క బోరు వేసుకోనీ."