రెండున్నర గంటలు ముందుకు దూకిన గడియారం

2023లో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో జరిగిన సంగతి ఇది. ఖమ్మంలో నాకు గడియారాలు, రేడియోలు, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ వస్తువులు బాగుచేసే దుకాణం ఉంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. పాడై వచ్చిన గడియారాలు లెక్కలేనన్ని చూశాను. ఏ దోషమూ లేకుండానే మనిషిని దవాఖానా పాలు చేసిన గడియారాన్ని మాత్రం ఒక్కదాన్నే చూశాను.

దాన్ని తెచ్చినామె పేరు సుజాత. ములకలపల్లి వైపు అడవి పక్క ఊళ్లలో ఏఎన్ఎంగా పనిచేస్తుంది. అది అరచేతంత టాకింగ్ క్లాక్. పైనున్న పెద్ద బటన్ నొక్కితే ఇంగ్లీషులో టైం చెబుతుంది. ముత్తయ్య అనే కోయ ఆయనది. పాల్వంచలో చాలా ఏళ్లు లారీ నడిపాడు. షుగర్ వల్ల రెండు కళ్లూ పోయాక సొంతూరికి వచ్చేశాడు. ఇన్సులిన్ పెన్ను తిప్పుతూ, టిక్కుటిక్కుమనే శబ్దాలు లెక్కపెట్టుకుని, తన సూది తనే వేసుకుంటాడు.

పూల కాలంలో ఆయన భార్య కన్నమ్మ చీకటితోనే ఇప్పపూలు ఏరడానికి అడవికి వెళ్లి, ఏడున్నరకల్లా తిరిగొచ్చి జావ పెట్టేది. ఆయన ఏడింటికి సూది వేసుకుని ఆమె కోసం ఎదురుచూసేవాడు. ఆ రోజు మాత్రం ఆమె వచ్చేసరికి ఒళ్లంతా చెమటతో, పిలిచినా పలకకుండా పడి ఉన్నాడు. షుగర్ బాగా పడిపోయింది. నోట్లో చక్కెర నీళ్లు పోసే వీలు కూడా లేకపోతే ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లారట. గడియారం చూస్తే ముందుకు పోయి ఉంది. అంటే ఆయన సూది వేసుకున్నది ఏడింటికి కాదు, ఇంకా చీకటి ఉండగానే. ఆపైన గంటల తరబడి తిండి లేదు.

ముత్తయ్య పొరపాటున ఏవో బటన్లు ఒత్తి టైం మార్చేశాడని ఇంట్లో, ఊళ్లో అందరూ అనుకున్నారు. నేను ముట్టుకోలేదని ఆయన అంటాడు. గడియారంలో ఏమన్నా తప్పుందేమో చూడమని సుజాత నాకిచ్చింది.

పదహారు రోజులు బల్ల మీద పెట్టుకుని చూశాను. సెకను కూడా పెద్దగా తేడా రాలేదు. ‘గడియారంలో దోషం లేదు’ అని చీటీ రాసి గడియారాన్ని తిప్పి పంపాను.

ఆ చీటీ వెళ్లాక జరిగింది నాకు తర్వాత తెలిసింది. ముత్తయ్య చేతిలోంచి పెన్ను తీసేసుకున్నారు. సూది వేయడం కన్నమ్మకు నేర్పారు. ఏడింటిదాకా ఆమె ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. అప్పటికి ఆమె చెట్ల కింద పశువులు తినగా మిగిలిన పూలే దొరికేవి.

పది రోజుల తర్వాత ముత్తయ్యే కన్నమ్మ చెయ్యి పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. గడియారం మళ్లీ దూకిందట. ఇంకా చీకటి ఉండగానే ఏడయిందని చెప్పిందట. కన్నమ్మ ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది. ఆయన కుర్చీలో కూర్చుని, కోపం లేకుండా, నెమ్మదిగా అడిగాడు.

“సారూ, బటన్లు నేనే ఒత్తిననుకుందాం. మొదటిసారి రెండున్నర గంటలు ముందుకు పోయిందని సుజాతమ్మ చెప్పింది. ఈసారి మా ఇంటిది ఫోన్ల చూసింది. గిప్పుడు గూడ గంతే, రెండున్నర. నిమిషం ఎక్కువ లేదు, తక్కువ లేదు. కండ్లు లేనోడు రెండుసార్లు గంత సరిగ్గ మారుస్తడా?”

వాళ్లకు టీ చెప్పి గడియారం మళ్లీ విప్పాను.

లోపల ఒక మూలన వేలెడంత నల్లటి కడ్డీ, దానికి చుట్టిన సన్నని రాగి తీగ ఉన్నాయి. మొదటిసారి కూడా చూశాను. అది ఫెర్రైట్ యాంటెన్నా. కొన్ని దేశాల్లో సరైన టైం చెప్పడానికే రేడియో స్టేషన్లు ఉంటాయి. మామూలు రేడియోకు అందనంత తక్కువ ఫ్రీక్వెన్సీలో అవి సెకను సెకనుకూ సిగ్నల్ పంపుతాయి. ఇలాంటి గడియారం రాత్రి రెండింటికి ఆ సిగ్నల్ అందుకుని తనను తాను దిద్దుకుంటుంది. మన దేశంలో అలాంటి స్టేషన్ లేదు కాబట్టి ఆ కడ్డీ ఇక్కడ దండగని వదిలేశాను. కానీ చైనాలో అలాంటి స్టేషన్ ఉంది. అక్కడి టైం మనకంటే సరిగ్గా రెండున్నర గంటలు ముందు.

అయితే నా బల్ల మీద పదహారు రోజులూ ఎందుకు దూకలేదు? గడియారంలో ఒక క్రిస్టల్ ఫిల్టర్ ఉంటుంది. తనకు కావలసిన ఫ్రీక్వెన్సీని రానిచ్చి మిగతావాటిని ఆపేస్తుంది. కానీ అదే ఫ్రీక్వెన్సీలో వచ్చే రొదను అది ఆపలేదు. ఇన్వర్టర్లు, ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బులు ఆ రొద పుట్టిస్తాయి. నా దుకాణం నిండా అవే. అంత దూరం నుంచి వచ్చే సన్నని సిగ్నల్ అందులో మునిగిపోయేది. ముత్తయ్య ఇంట్లో ఉన్నది ఒక్క బల్బు. పడుకునేటప్పుడు అదీ ఆర్పేస్తారు. అక్కడ కూడా ఆ సిగ్నల్ బాగా అందిన రాత్రే గడియారం దూకుతుంది.

ఇదంతా ఊహే. రుజువు చేయాలి. అదే ఫ్రీక్వెన్సీకి చిన్న రిసీవర్ కట్టి, ముత్తయ్యకు కూడా తెలియాలని దానికి బజర్ తగిలించాను. దుకాణంలో అది నూనెలో గారెలు వేగినట్టు ఎడతెగకుండా చిటపటలాడింది. ఆ ఆదివారం దాన్ని తీసుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. సుజాతను కూడా రమ్మన్నాను.

పొద్దుగూకి గంట దాటాక, బల్బు ఆర్పి, వాకిట్లో మంచం మీద రిసీవర్ పెట్టాను. మొదట చిటపటలే. యాంటెన్నాను కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయాను. ఒక దిక్కున చిటపట ఆగింది. టిక్, టిక్, టిక్. ముత్తయ్య తన మణికట్టు మీద వేలితో తడుతూ ఆ టిక్కులు లెక్కపెట్టాడు. తర్వాత గడియారం వెనక సిగ్నల్ పట్టే బటన్ నొక్కి పక్కన పెట్టాను. ఆరేడు నిమిషాలు ఆగాం. ఆ తర్వాత ముత్తయ్యనే పై బటన్ నొక్కమన్నాను.

‘టెన్ ట్వెల్వ్ పీఎం’ అంది గడియారం.

సుజాత ఫోన్లో ఏడూ నలభై రెండు. ఆమె రెండూ మార్చి మార్చి చూసింది.

“నీ చెయ్యే తప్పు చేసిందనుకున్న మామా,” అంది.

“అయితే రేపు ఈమె పూలకు పోవచ్చా?” అని అడిగాడు ముత్తయ్య.

సుజాత కొంచెం ఆలోచించింది. జావగిన్నె చేతికందేంత దగ్గర పెట్టుకుంటేనే, సూదికి ముందు తనకు ఫోన్ చేస్తేనే పెన్ను ఇస్తానంది. ఆయన ఒప్పుకున్నాడు. కన్నమ్మ లోపలికి వెళ్లి పెన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఒకసారి తిప్పి, టిక్కులు విని, మళ్లీ సున్నాకు తెచ్చి జేబులో పెట్టుకున్నాడు.

నేను యాంటెన్నా తీగ ఒక కొస ఊడదీసి, గడియారాన్ని ఫోను చూసి సరిచేశాను. ఇక అది ఏ స్టేషన్ మాటా వినదు. సొంత క్రిస్టల్‌తో నడుస్తుంది, నెలకు కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఆయనకు అది చాలు.

బయల్దేరే ముందు, పెన్ను పోవడానికి నా చీటీ కూడా కారణమని, తొందరపడి రాశానని ముత్తయ్యకు చెప్పాను.

“గడియారాన్ని మంచిగనే చూసినవ్ సారూ,” అన్నాడు. “నన్నే అడగలే.”

ఆయనన్నది నిజం. సుజాత చెప్పింది విన్నాను, గడియారాన్ని పదహారు రోజులు చూశాను, దాన్ని వాడే మనిషితో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆ రెండున్నర గంటల లెక్క మొదటి రోజే విని ఉంటే గంటలో తేలిపోయే పని. ఇప్పుడు వస్తువు ఇంకొకరి చేతికిచ్చి పంపితే, వాడేవాళ్ల ఫోన్ నంబరు అడుగుతాను. వాళ్లతో మాట్లాడాకే స్క్రూడ్రైవర్ తీస్తాను.